ఏడో పలక దాకా ఎండ

"ఉతకండి. కానీ మరక పోకూడదు."

ఇరవై రెండేళ్ళుగా ఆ లాండ్రీ కౌంటర్ వెనక నిలబడుతున్న ఆమెకు ఇలాంటి మాట ఎవరూ చెప్పలేదు. మరక పోతుందా అని ఆరా తీసేవాళ్ళు తెలుసు. పోకపోతే ఊరుకోనని బెదిరించేవాళ్ళు తెలుసు. ఇచ్చినప్పుడు మరకే లేదు, మీరే చేశారని దబాయించేవాళ్ళు మరీ బాగా తెలుసు. మరకను జాగ్రత్తగా చూసుకోమని అప్పగించే మనిషిని చూడడం ఇదే మొదలు.

అతను ప్లంబరు. భుజాన ఉన్న సంచిలోంచి రెంచీ మూతి బయటికి పొడుచుకొచ్చింది. బల్ల మీద పరిచింది ఆడవాళ్ళ ఊలు స్వెటరు, పాచి రంగుది. ఎడమ చేతి అంచు దగ్గర ఆరిపోయిన టీ మరక.

ఆమె ఆ అంచును వేలితో తిరగేసి చూసింది.

"పోయిన నెల కూడా ఇదే తెచ్చారు," అంది. "అప్పటి మరక ఇది కాదు. అది గుండీకి రెండు వేళ్ళ పైన ఉండేది, బాదం గింజంత. మావాళ్ళు తీసేశారు. ఇది మళ్ళీ పోసింది. గుండీని ముట్టుకుంటోంది."

ప్లంబరు స్వెటరు అంచునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, "అక్కా, మీకు ఆదివారాలు తీరికేనా?" అన్నాడు.

"ఎందుకు?"

"సినిమా తీస్తున్నాం."

వేరే ఎవరితోనో అంటున్నాడేమోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. వేలాడుతున్న బట్టలు తప్ప ఎవరూ లేరు.

బట్టలు తీసుకునేటప్పుడు అవి ఎలా ఉన్నాయో రాసిపెట్టడం ఆమె పని. కుడి జేబు అంచు చిరుగు. మూడో గుండీ వేరే రకం. మెడ వెనక జిడ్డు. ఏది ఎలా వచ్చిందో అలా రాసుకుంటే రేపు గొడవ ఉండదు. రాసీ రాసీ ఆమెకు మనుషుల మొహాలు గుర్తుండడం మానేసి, వాళ్ళ చొక్కాలు గుర్తుండిపోయాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కాలరు వంక చూసేది. అప్పుడు గానీ పేరు తట్టేది కాదు.

తమ్ముడింట్లో ఉండేది. వెనక గదిలో కుట్టుమిషనుకీ అటక నిచ్చెనకీ మధ్య మడత మంచం. చుట్టాలొస్తే ఆ మంచం మడిచేవాళ్ళు. ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. మరదలు కూడా మంచిదే. కానీ ఆమె ఇంట్లో ఉందో లేదో ఎవరూ వచ్చి చూడరు, ఉన్నచోటి నుంచే పిలుస్తారు. పలికితే ఉన్నట్టు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటిలోనూ ఆమె ఒక భుజంగానో, జడ కొసగానో మిగిలింది.

"ఈ వయసులో సినిమా ఏంటొదినా," అని మరదలు నవ్వింది. "హీరోయిన్ వేషమా?"

"మరకలు చూసుకునే పని."

"రోజూ చేసేది అదేగా."

"అక్కడ పోగొట్టకూడదట."

మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీది గది అది. ట్యాంకు పైపు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు దాని ఓనరు ప్లంబరుకి తాళం ఇచ్చి, మళ్ళీ అడగడం మర్చిపోయాడు. మిషన్లు ఎప్పుడో పోయినా నూనె వాసన గోడల్లో ఉంది. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, బల్ల మీద రెండు కప్పులు. గోడ గడియారంలో బ్యాటరీ తీసేసి ముళ్ళను మూడూ నలభై దగ్గర ఆపారు. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి నేల పలకల మీద పడుతోంది.

కెమెరా పట్టుకున్నది ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. "నవ్వకండి, ఇటు చూడండి, అయిపోయింది. ఈ మూడు ముక్కలే నా ఉద్యోగం అక్కా," అని తనను పరిచయం చేసుకుంది. కుర్చీలో కూర్చున్నావిడకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపి రిటైరైంది. అందరూ అత్తయ్య అంటారు.

"కథేంటి?" అని అడిగింది ఆమె.

"ఒక మధ్యాహ్నం. ఒకావిడ. రెండు కప్పులు," అన్నాడు ప్లంబరు. "ఎదుటి కుర్చీలో ఎవరూ ఉండరు. కానీ రెండో కప్పులో టీ తగ్గుతూ ఉంటుంది. చివరికి అయిపోతుంది. అంతే."

"దెయ్యం సినిమానా?"

"నాకూ తెలీదక్కా. తీశాక తెలుస్తుందేమోనని తీస్తున్నా."

చిక్కు ఎక్కడంటే, సినిమాలో అది ఒక్క మధ్యాహ్నం. తీసేవాళ్ళకి మాత్రం ఆదివారాలే ఉన్నాయి. అది కూడా ఎండ మూడో పలక నుంచి ఏడో పలక దాకా పాకే కాసేపు. కథ మొదట్లో ఎండ మూడో పలక మీద ఉండాలి, చివరికి పొద్దు వాలి ఏడో పలకను తాకాలి. కాలం మారే కొద్దీ గంట మారేది గాని పలక మారేది కాదు కాబట్టి వాళ్ళు గడియారాన్ని కాక నేలను చూసి పనిచేసేవాళ్ళు. ఏడాది పాటు ఆదివారాలన్నీ కుట్టి ఒక మధ్యాహ్నం చెయ్యాలి. ఎక్కడా కుట్టు కనపడకూడదు.

మరక సంగతి కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. మూడో ఆదివారం కప్పు ఎత్తేటప్పుడు అత్తయ్య చెయ్యి వణికి చుక్క టీ అంచు మీద పడింది. అది బాగుందని ప్లంబరు ఉంచేశాడు. ఆ తర్వాత అలవాటుకొద్దీ స్వెటరు లాండ్రీలో వేశాడు. మరక పోయేసరికి చెంచాతో మళ్ళీ పోశాడు.

"చెంచాతో పొయ్యకండి," అంది ఆమె. "ఆవిణ్ణే మళ్ళీ కప్పు ఎత్తమనండి. పడాల్సినచోట అదే పడుతుంది."

ఉతికిన స్వెటరు వేసుకుని అత్తయ్య కప్పు ఎత్తింది. రెండోసారికే చుక్క జారి గుండీకి రెండు వేళ్ళ పైన, బాదం గింజంత మచ్చగా ఆగింది. స్టూడియో అమ్మాయి పాత ఫోటో పక్కన పెట్టి చూసి, "నీకు గుర్తులక్క అని పేరు పెట్టేశా, పో," అంది.

ఆ రోజు నుంచి ఆమె గుర్తులక్క.

షాట్‌కీ షాట్‌కీ మధ్య అత్తయ్య కదలకూడదు. కదిలితే మడతలు మారతాయి. కెమెరా ఇటు నుంచి అటు మార్చేదాకా ఆవిడ కప్పు మీద చెయ్యి పెట్టి, మెడ అలాగే ఉంచి, పెదాలు మాత్రం ఆడిస్తూ మాట్లాడేది. గుర్తులక్క ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మడతలు లెక్కపెట్టి రాసుకునేది. మోచేతి దగ్గర మూడు. భుజం కింద ఒకటి. చెవి వెనక వెంట్రుక పాయ లోపలికి. వాళ్ళ స్నేహం అలా ఒకరు బొమ్మలా బిగుసుకుపోయి, ఇంకొకరు ఆ బొమ్మ చుట్టూ తిరుగుతుండగా పెరిగింది.

"నా మొహం ఎవరూ చూడలేదు పిల్లా," అనేది అత్తయ్య. "ముప్పై ఏళ్ళు గొంతుగానే బతికా. హలో, లైన్లో ఉండండి. ఇక్కడేమో నాకు ఒక్క మాట లేదు, మొహం ఒక్కటే ఉంది. లెక్క సరిపోయింది."

పిల్లా అనే పిలుపు విని నలభై ఏడేళ్ళ గుర్తులక్కకు పెన్సిలు ఆగిపోయేది.

"ఎదుటి కుర్చీలో ఎవరున్నట్టు అనుకుంటారు?" అని ఒకసారి అడిగింది.

"ఎవరూ లేని కుర్చీని చూసి బుజ్జగింపుగా ఎలా నవ్వుతారే? నిన్నే చూస్తున్నా."

నిజమే. అత్తయ్య చూపు నిలవడానికని కుర్చీ పక్కన కెమెరాకు అందకుండా చిన్న స్టూలు వేసుకుని గుర్తులక్కే కూర్చునేది. షాట్లు మారేటప్పుడు లేచి, రెండో కప్పులో టీ కొంచెం కొంచెం పారబోసేదీ ఆమే. అగ్గిపుల్లతో లోతు కొలిచి, పుల్ల మీద గోటితో గీత పెట్టేది. పాలు పోస్తే మీగడ కడుతుందని పాలు లేని టీ. తగ్గించేది ఆమే అయినా, సినిమాలో చూస్తే ఎవరో తాగుతున్నట్టే ఉండేది.

సోమవారం నుంచి శనివారం దాకా రోజులు ఆమెకు షాట్‌కీ షాట్‌కీ మధ్య విరామంలా తోచడం మొదలైంది. కౌంటర్ మీద ఎండ వాలే వేళకు ఎక్కడికో వెళ్ళాల్సి ఉన్నట్టు, ఎవరో కదలకుండా తన కోసం కూర్చుని ఉన్నట్టు అనిపించేది. శనివారం స్వెటరును ఇంటికి తెచ్చి మరకను పొడిగా ఉంచి చుట్టూ ఉతికేది. లాండ్రీలో మరకలు తీసే మేస్త్రికి అది కంట్లో నలుసు.

"పది నిమిషాలు నా చేతికివ్వు. అదెక్కడుందో నీక్కూడా తెలీదు," అనేవాడు.

"మీరు దాని జోలికి రాకండి మేస్త్రీ."

"ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను చూసి నవ్విన మరక ఇదొక్కటే."

పద్నాలుగో ఆదివారం తాళం తీసి లోపలికి వెళ్ళేసరికి ఎదుటి కుర్చీ నేల మీద గీసుకున్న సుద్ద గుర్తుల మీద లేదు. నాలుగు వేళ్ళంత కిటికీ వైపు తిరిగి ఉంది. తాళం తాళంలాగే ఉంది. గుర్తులక్క కుర్చీని మళ్ళీ గీత మీదికి జరపబోతుంటే స్టూడియో అమ్మాయి ఆపింది.

"ఆగక్కా. పోయినవారం ఆఖరి షాట్లో ఇలాగే ఉంది. ఇదిగో చూడు."

చూశారు. షాట్ మొదట్లో కుర్చీ సుద్దగీత మీదే ఉంది. చివరికి కిటికీ వైపు తిరిగి ఉంది. ఎక్కడ తిరిగిందో చూద్దామని ముగ్గురూ తలలు ఆనించి ఆ నిమిషాన్ని ఎన్నోసార్లు చూశారు. కదలడం మాత్రం ఎక్కడా దొరకలేదు. మొదట అలా ఉంది. చివర ఇలా ఉంది. మధ్యలో కదల్లేదు.

ప్లంబరు తల గోక్కున్నాడు. "నేల వాలుగా ఉందేమో. నీళ్ళు పోస్తే తెలుస్తుంది."

"నువ్వు ప్రతిదానికీ నీళ్ళు పోస్తావు," అంది స్టూడియో అమ్మాయి, నవ్వకుండా.

కుర్చీలో కూర్చున్న అత్తయ్య తల తిప్పలేదు. "కూర్చునేవాళ్ళు కాస్త సర్దుకోరూ?" అంది.

గుర్తులక్క పాత గీత చెరిపి కుర్చీ ఉన్నచోటే కొత్త గీత గీసింది.  తన పుస్తకం తప్పనీ గది ఒప్పనీ రాయాల్సి రావడం ఆమెకు అదే మొదటిసారి. తర్వాత ఇంకో రెండుసార్లు రాయాల్సి వచ్చింది. ఒకసారి చెంచా గురించి, ఒకసారి కిటికీ రెక్క గురించి. రెండుసార్లూ సినిమాలో చూస్తే గదిదే ఒప్పు.

ఆ ఎండాకాలమే ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో గుంతలు తవ్వారు. తర్వాత స్తంభాలు లేచాయి. కథ వరసలోనే తియ్యాలని ప్లంబరు మొదట్నించీ పట్టుబట్టాడు. అంటే ఏడో పలక పని చివరికి మిగిలింది. కట్టడం లేచే కొద్దీ ముందు మింగేది వాలుపొద్దునేనని నలుగురిలో ఎవరికీ తట్టలేదు. ఒక్కో అంతస్తూ పడే కొద్దీ ఎండ ఏడో పలకను వదిలేసింది, ఆరోదాన్ని వదిలేసింది. నలుగురూ కిటికీ దగ్గర నిలబడి అవతల ఇనప చువ్వలు లెక్కపెట్టేవాళ్ళు.

దానికన్నా ముందు గుర్తులక్క ఇంకోటి లెక్కపెట్టింది. మోచేతి దగ్గర మడతలు మూడు కాదు, నాలుగు. ఇంకో నెలకు ఐదు. భుజాల కింద దూది పెట్టి వెనక పిన్నులు గుచ్చింది. అత్తయ్య జుట్టు కొసలు వారంవారం ఒకే పొడుగుకి కత్తిరించేది. కత్తిరించాల్సింది తగ్గిపోతూ వచ్చింది.

"స్వెటరు వదులవుతోంది," అంది ఒకసారి, పిన్ను నోట్లో పెట్టుకుని.

"ఊలు కదా. సాగుతుంది," అంది అత్తయ్య.

ఉతికితే ఊలు ముడుచుకుంటుందే గాని సాగదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. డాక్టరు చెప్పకముందే మడతలు చెప్పేశాయి.

చలి ముదిరిన ఒక ఆదివారం, ముప్పై ఆరోది, పని ముగిశాక అత్తయ్య గజగజలాడుతోంది. స్వెటరు విప్పి ఇవ్వబోయింది. విప్పితే కింద పలచటి జాకెట్టు. గుర్తులక్క వచ్చాక స్వెటరు ఏ రోజూ ఆ గది దాటి ఆమె చెయ్యి తప్ప ఇంకో చేతికి వెళ్ళలేదు. అది ఆమె పెట్టుకున్న నియమం.

"ఉంచుకోండి అత్తయ్యా. వచ్చేవారం వేసుకొచ్చెయ్యండి."

"మరి నీ రూలో?"

"ఈ ఒక్కసారికీ."

మెట్లు దిగుతూ అత్తయ్య వెనక్కి తిరిగింది. "మూడు షాట్లే మిగిలాయి కదే?"

"మూడే."

"మొహం పని అయిపోయింది. ఇంక ఏదైనా పర్లేదు," అంది. నవ్వుతూనే అంది.

తర్వాతి ఆదివారం అత్తయ్య రాలేదు. ఫోను ఎవరూ ఎత్తలేదు. ముగ్గురూ ఎండ వచ్చి వెళ్ళేదాకా రెండు ఖాళీ కుర్చీల ముందు కూర్చుని లేచారు.

సోమవారం గుర్తులక్క అన్నం తినడానికి ఇంటికి వెళ్ళి వచ్చేసరికి లాండ్రీ వెనక గదిలో తీగ మీద పాచి రంగు స్వెటరు వేలాడుతోంది. ఎడమ అంచు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చూడు. ఎక్కడుందో చెప్పు చూద్దాం."

ఎక్కడా లేదు.

"ఎవరు తెచ్చారిది?"

"ఎవరో పెద్దావిడ. వాళ్ళక్క పోయిందట, శుక్రవారం. మూట మొత్తం ఉతికిమ్మంది, ఎవరికైనా ఇచ్చేస్తారట. నువ్వు లేవుగా, నేనే రాసుకున్నా." అని ఆమె మొహం చూసి ఆగాడు. "నీకు తెలిసినవాళ్ళా?"

గుర్తులక్క రసీదు పుస్తకం తీసింది. మేస్త్రి వంకర అక్షరాలతో రాసిన వరస చదివింది. ఊలు స్వెటరు ఒకటి, ఎడమ చేతికి టీ మరక. ఆ వరస కిందే పెన్సిలుతో, ఇప్పుడు లేదు, అని రాసింది. ఏడుపు రాలేదు. తడి అంచును అరచేతిలో పట్టుకుని, నీళ్ళు కారడం ఆగేదాకా అక్కడే నిలబడింది. తను ఆ రోజు రూలు తప్పకపోతే మరక ఉండేది. చలిలో మనిషి వణుకుతూ వెళ్ళేది. రెండూ ఆలోచించింది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తానని తేల్చుకున్నాక మేస్త్రితో, "మీ తప్పేం లేదు," అంది.

బట్టలు తీసుకోవడానికి వచ్చిన చెల్లెలు స్వెటరు సంగతి విని దాన్ని పక్కకు తీసి ఇచ్చేసింది. "అది తనది కాదంది అక్క, ఎవరిదో తెలీక మూటలో వేశా. ఆసుపత్రిలో కూడా విప్పనివ్వలేదు. మడతలు మారతాయట," అంది.

ఆ సాయంత్రం ముగ్గురూ స్టూడియోలో కలిశారు. పాస్‌పోర్టు ఫోటోలు తీసే తెల్లగోడ కింద నేల మీద కూర్చున్నారు.

"కట్టడం మేస్త్రిని అడిగొచ్చా," అన్నాడు ప్లంబరు. "నాలుగో అంతస్తుకి ఇంకా గోడలు కట్టలేదు. స్తంభాలే. ఆ సందులోంచి పొద్దు దిగేటప్పుడు ఎండ మన ఏడో పలక మీద పడుతుంది. నిన్న చూశాను. పదకొండు నిమిషాలు. వచ్చే సోమవారం ఇటుకలు దిగుతున్నాయి."

"అంటే ఒక్క ఆదివారం," అంది స్టూడియో అమ్మాయి.

"మిగిలినవి మూడు. ఒకటి కప్పు ఎత్తే చెయ్యి. రెండు, వెనక నుంచి వీపు. మూడు, ఖాళీ అయిన రెండు కప్పులు. మొహం ఎక్కడా లేదు." ప్లంబరు మూడు వేళ్ళూ ముడిచాడు. "ఆపేద్దామన్నా నాకు పర్లేదు. ఆవిడ లేకుండా..."

ఇద్దరూ గుర్తులక్క వంక చూశారు.

ఆ మధ్యాహ్నం తెగిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అత్తయ్య కప్పు మీద చెయ్యి పెట్టుకుని, కదలకుండా, ఎన్నటికీ ఐదో పలక ఎండలో కూర్చుండిపోతుంది. తను వెనక గదిలో మడత మంచం మీద, పిలిస్తే పలికే గొంతుగా మిగిలిపోతుంది.

"నేను కూర్చుంటా," అంది. "కానీ గుర్తులు చూసేదెవరు?"

"నీ పుస్తకం చూసి నేను చూస్తా," అంది స్టూడియో అమ్మాయి.

"చెవి వెనక పాయ లోపలికి."

"తెలుసక్కా. ఏడాదిగా ప్రతి ఆదివారం అదే మాట."

శనివారం మధ్యాహ్నం వంటింట్లో టీ కాచి చల్లార్చి చెంచాతో అంచు మీద వేసింది. మరక గుండీకి కిందుగా పాకింది. కడిగి ఆరబెట్టి మళ్ళీ వేసింది. ఈసారి గుండ్రంగా వచ్చింది. మూడోసారి మరీ ముదురుగా. అదీ కడిగేసింది. మరదలు గుమ్మంలో నిలబడి ముక్కున వేలేసుకుంది.

"పోగొట్టడం చూశా గానీ, మరక రాలేదని బెంగపడే మనిషిని నిన్నే చూశానొదినా."

"అదే రావాలి. నేను తెస్తే వచ్చేది కాదు."

మరదలు ఇంక నవ్వలేదు. ఇస్త్రీ పెట్టె తెచ్చి తడి అంచు ఆరబెట్టి పెట్టింది. "రేపు నేనూ రానా? ఓ మూల నిలబడతా," అంది.

"ఈసారికొద్దు. ఇంకోదానికి రా," అంది గుర్తులక్క. ఇంకోటి అనే మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకు తెలీదు.

ఆదివారం గదిలోకి వెళ్ళి, మరక లేని స్వెటరు వేసుకుని అత్తయ్య కుర్చీలో కూర్చుంది. దూది అక్కర్లేదు, పిన్నులు అక్కర్లేదు. అత్తయ్య ఒంటి మీద మొదటి రోజు ఎన్ని మడతలున్నాయో అన్నే పడ్డాయి. స్టూడియో అమ్మాయి పుస్తకం చేత్తో పట్టుకుని వంగి చూసి, వేలితో లెక్కపెట్టింది. "మోచేతి దగ్గర మూడు," అని మాత్రం అంది.

రెండు కప్పుల్లో టీ పోశారు. రెండో కప్పులో వేలి వెడల్పంత. మూడో షాట్‌కి ముందు దాన్ని పారబొయ్యాలి.

"చూపు కోసం స్టూల్ మీద నేను కూర్చోనా?" అన్నాడు ప్లంబరు.

గుర్తులక్క ఎదుటి కుర్చీ వైపు, దాని పక్కనే ఉన్న తన స్టూలు వైపు చూసింది. ఏడాది పాటు తను అక్కడి నుంచి ఇటు చూసింది. ఇటు నుంచి అటు చూడడం ఇదే మొదలు.

"వద్దు. చూడ్డానికి మనిషుంది," అంది.

ప్లంబరు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

అవతల స్తంభాల మధ్యలోకి పొద్దు దిగింది. ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చి ఏడో పలక మీద బల్లపరుపుగా పడుకుంది. గోడల్లోని నూనె వాసన వెచ్చబడింది.

కప్పు ఎత్తింది. వణికించాలని ఆమె అనుకోలేదు. ఎత్తేటప్పటికి మణికట్టు దానంతటదే ఆడింది, తనది కానట్టు. చుక్క జారింది. ఎక్కడ పడిందో చూడ్డానికి తల దించకూడదు. దించలేదు. ఎదుటి కుర్చీ వైపే చూస్తూ, ఏడాదిగా తన వైపు వచ్చిన ఆ బుజ్జగింపు నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని, మళ్ళీ అటు ఇచ్చేసింది.

"కట్," అన్నాడు ప్లంబరు, గుసగుసగా. స్టూడియో అమ్మాయి పాత ఫోటో తెచ్చి అంచు పక్కన పెట్టింది. రెండు వేళ్ళ పైన. బాదం గింజంత. ఆ అమ్మాయి ఫోటో తీసి మళ్ళీ పెట్టి చూసింది.

ఆమె అలాగే కదలకుండా ఉండగా వీపు షాట్ తీశారు. ఎండ ఆరేడు పలకల మధ్య గీత దగ్గరికి వచ్చేసింది. మూడు నిమిషాలుంటాయి. కెమెరా హడావిడిగా బల్ల మీదికి తిప్పారు. ఖాళీ కప్పులు రెండు, పక్కన ఆమె చెయ్యి. తన కప్పులో టీ గుర్తులక్క నిజంగానే తాగేసింది. కెమెరా తిరిగింది, ఆగింది. పొద్దు కింది అంతస్తు వెనక్కి జారింది. ఏడో పలక చల్లగా నల్లబడింది.

 ప్లంబరు బల్ల దగ్గరికి వచ్చి స్టూడియో అమ్మాయిని చూసి నవ్వాడు. "మంచి పని చేశావమ్మాయ్. కంగారులో నేను మర్చేపోయా."

"ఏంటి?"

"రెండో కప్పు. పారబోశావుగా."

స్టూడియో అమ్మాయి కెమెరా దింపింది. "నేను కెమెరా వదిల్తేగా. నువ్వే పారబోశావనుకున్నా."

ఇద్దరూ గుర్తులక్క వైపు తిరిగారు. ఆమె పనే అది. కానీ ఆమె మడతలు చెడకుండా ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది. చెయ్యి చాపితే ఆ కప్పు అందదు. పారబోసే బకెట్టు తలుపు దగ్గర ఉంది. దాని అడుగు పొడిగా ఉంది.

రెండో కప్పు అడుగున టీ ఆరిన సన్నటి వలయం ఉంది. అంచున ఒకచోట పెదవి తడి.

స్టూడియో అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది. ప్లంబరు నేల వంక చూశాడు, వాలు గురించి ఏదైనా అందామని. అనలేదు. గుర్తులక్కకు లేచి పారిపోవాలనిపించలేదు. అప్పుడు గాని ఆమె కదల్లేదు. నెమ్మదిగా లేచి బల్ల మీదికి వంగి కప్పును ముట్టుకుంది. గోరువెచ్చగా ఉంది. పొద్దున కాచి చల్లార్చి తెచ్చిన టీ అది.

సినిమా ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. స్టూడియో తెల్లగోడ మీద వేసుకున్నారు. లాండ్రీ మేస్త్రి వచ్చాడు, తమ్ముడూ మరదలూ వచ్చారు, అత్తయ్య చెల్లెలు వచ్చింది. చెయ్యి కప్పు ఎత్తి చుక్క జారినచోట చెల్లెలు కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆ వణుకు అక్కదే. చిన్నప్పట్నించీ ఉంది," అంది. ఎవరూ సరిదిద్దలేదు. సరిదిద్దడానికి ఏముందో వాళ్ళకూ తెలీలేదు.

"ఇందులో నువ్వెక్కడున్నావక్కా?" అని తమ్ముడు చెవిలో అడిగాడు.

"చూస్తూ ఉండు," అంది.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతూ స్టూడియో అమ్మాయి ఆమె దగ్గరికి వచ్చింది. వారంగా ఆ అమ్మాయి ఆ మాట ఎత్తలేదు.

"అక్కా, ఆ రోజు పుస్తకంలో ఆఖరి వరస రాశావా?"

"రాశా."

"రెండో కప్పు గురించి ఏమని?"

గుర్తులక్క సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. చివరి పేజీలో గుండ్రటి అక్షరాలతో, షాట్ నంబరు, ఎండ ఏడో పలక, మరక సరిగ్గా, మడతలు మూడు అని వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఉన్న మాటను ఆ అమ్మాయి వేలు పెట్టి మెల్లగా చదివింది.

"రెండో కప్పు, ఖాళీ. అత్తయ్య తాగేశారు."

ఆ అమ్మాయి పుస్తకం మూసి, కాసేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. బయట ప్లంబరు మెట్ల మీది నుంచి పిలుస్తున్నాడు, కొత్త కథేదో తట్టిందట, ఇద్దరూ రావాలట. గుర్తులక్క పలకలేదు. పలకకపోతే ఏమవుతుందో చూద్దామని ఊరికే నిలబడింది. అడుగుల చప్పుడు మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చింది. ప్లంబరు తల లోపలికి పెట్టి ఆమె కోసం గదంతా చూశాడు.